మందు దొరికితే చాలదు: లుటీషియం వైద్యం వెనుక ఒక కంపెనీ జమాఖర్చులు



క్యాన్సర్ విభాగానికి వచ్చే కుటుంబాలు ఈమధ్య తరచు అడుగుతున్న ప్రశ్న ఇది: "సూదిమందులా ఒంట్లోకి ఎక్కిస్తే క్యాన్సర్ ఎక్కడుంటే అక్కడికే వెళ్లి కాల్చేసే అణు మందు వచ్చిందట కదా డాక్టరు గారూ! మా నాన్నగారికి అది ఇప్పించలేమా? దానికి అంత ఖరీదు ఎందుకండీ?"

ఈ ప్రశ్నకు సగం జవాబు వైద్యశాస్త్రంలో ఉంది. మిగతా సగం జమాఖర్చుల పుస్తకంలో ఉంది. మొదటి సగం గురించి పత్రికల్లో తరచు వస్తూనే ఉంటుంది. రెండో సగం గురించి చెప్పేవారు తక్కువ. కాని ఒక మందు రోగి మంచం దాకా వస్తుందా, ఏ ధరకు వస్తుంది, వచ్చాక నాలుగు కాలాలు నిలుస్తుందా అన్నది చాలావరకు ఆ రెండో సగమే తేలుస్తుంది. అందుకే ఈ సంచికలో ఎండోసైట్ అనే అమెరికా కంపెనీ కథ చెబుతున్నాం. ఆ కంపెనీ ఇప్పుడు విడిగా లేదు. అది చేపట్టిన మందు మాత్రం వేలమంది ప్రోస్టేట్ క్యాన్సర్ రోగులకు అందుతోంది.

లూకా సువార్తలోని గోపురం కట్టబోయేవాడి ఉపమానం మన సంఘాల్లో అందరికీ తెలిసిందే. మందు తయారుచేసే కంపెనీకీ, ఆ మందు వాడించే కుటుంబానికీ కూడా ఆ మాట వర్తిస్తుంది.

ఈ వైద్యం ఎలా పని చేస్తుంది?

రేడియేషన్ అనగానే మనకు గుర్తొచ్చేది పెద్ద యంత్రం. రోగిని బల్లమీద పడుకోబెట్టి బయటనుంచి కిరణాలు పంపుతారు. ఇప్పుడు చెప్పుకునే వైద్యంలో కిరణాలు లోపలినుంచే వెలువడతాయి. ఇందులో రెండు భాగాలుంటాయి. ఒకటి, క్యాన్సర్ కణాన్ని గుర్తుపట్టి దానికి అతుక్కునే వాహకం. రెండు, దానికి కట్టిన రేడియోధార్మిక పదార్థం. వాహకం ఇంటి చిరునామా తెలిసిన తపాలా మనిషిలాంటిది. రేడియోధార్మిక పదార్థం అతని చేతిలోని నిప్పు. చేరవలసిన చోటికి చేరాక అది చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర ఉన్న కణాలను దెబ్బతీస్తుంది.

ఇది పూర్తిగా కొత్త ఆలోచన కాదు. థైరాయిడ్ గ్రంథి అయోడిన్‌ను తనంతట తానే లాక్కుంటుంది. ఆ గుణాన్ని ఉపయోగించుకుని 1940ల నుంచే రేడియోధార్మిక అయోడిన్‌తో థైరాయిడ్ జబ్బులకు వైద్యం చేస్తున్నారు. అయోడిన్ 131 ఇప్పటికీ వాడుకలో ఉన్న మంచి మందు. అయితే మిగతా అవయవాల క్యాన్సర్లకు దేవుడిచ్చిన అలాంటి సులువైన దారి లేదు. ఒక్కో క్యాన్సర్‌కు ఒక్కో వాహకాన్ని మనిషే వెతికి తయారుచేయాలి. ఎండోసైట్ కథ ఆ వెతుకులాటలోంచి వచ్చిందే.

ఫోలిక్ ఆమ్లంతో మొదలు

ఎండోసైట్ 1990ల మధ్యలో అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో మొదలైంది. దానికి మూలం పర్డ్యూ విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్ర ఆచార్యులు ఫిలిప్ లో చేసిన పరిశోధన. కొన్ని రకాల క్యాన్సర్ కణాలు ఫోలిక్ ఆమ్లం అనే విటమిన్‌ను ఎక్కువగా పట్టుకుంటాయి. ఆ విటమిన్‌కు మందును కట్టి పంపితే కణం దాన్ని విటమిన్ అనుకుని లోపలికి తీసుకుంటుంది కదా అన్నది ఆయన ఆలోచన.

ఫోలిక్ ఆమ్లం పేరు వినగానే తెలుగువారికి భీమవరంలో పుట్టిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు గుర్తుకు రావాలి. 1940ల్లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వంలోని బృందమే ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. ఆ పని వెంటే ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకునే తొలి క్యాన్సర్ మందులు కూడా వచ్చాయి. గర్భిణులకు మనం ఇచ్చే ఫోలిక్ ఆమ్లం మాత్ర వెనుక ఇంత చరిత్ర ఉంది.

ఎండోసైట్‌కు అమ్ముకోవడానికి మందు ఇంకా లేదు. ఆలోచన మాత్రమే ఉంది. ఇటువంటి కంపెనీలకు రాబడి ఉండదు, ఖర్చు మాత్రం ప్రతి నెలా ఉంటుంది. ప్రయోగశాల జీతాలు, జంతువులమీద పరీక్షలు, ఆ తర్వాత మనుషుల మీద మూడు దశల పరీక్షలు. పంట చేతికి రాకముందే ఏళ్లతరబడి పెట్టుబడి పెడుతూ పోయే రైతు పరిస్థితి అది. ఆ డబ్బు మూడు చోట్లనుంచి వస్తుంది. మొదట కొద్దిమంది పెట్టుబడిదారులు, తర్వాత షేరు మార్కెట్, ఆ తర్వాత పెద్ద మందుల కంపెనీల ఒప్పందాలు.

ఎండోసైట్ 2011 ఫిబ్రవరిలో ఒక్కో షేరు 6 డాలర్ల చొప్పున జనానికి అమ్మి నాస్‌డాక్ మార్కెట్‌లోకి వచ్చింది. 2012లో మెర్క్ అనే పెద్ద కంపెనీ ముందుకొచ్చి, వింటాఫోలైడ్ అనే మందు కోసం 12 కోట్ల డాలర్లు ముందుగానే చెల్లించింది. ఇది ఫోలిక్ ఆమ్లానికి విషపు మందును కట్టిన రకం. అండాశయ క్యాన్సర్ కోసం తలపెట్టినది. అందులో రేడియోధార్మికత లేదు.

2014లో పడిన దెబ్బ

2014 మార్చిలో యూరప్ మందుల సంస్థ నిపుణులు వింటాఫోలైడ్‌కు షరతులతో కూడిన అనుమతి ఇవ్వవచ్చని చెప్పారు. షేరు ధర ఎగబాకింది. రెండు నెలలు తిరక్కుండానే, మే నెలలో, మూడో దశ పరీక్షను పర్యవేక్షిస్తున్న నిపుణులు ఆ మందువల్ల రోగులకు మేలు కనబడటం లేదనీ, పరీక్ష ఆపేయమనీ చెప్పారు. ఒక్క రోజులో కంపెనీ విలువ సగానికి పైగా హరించుకుపోయింది. మెర్క్ తప్పుకుంది. యూరప్‌లో పెట్టుకున్న దరఖాస్తు వెనక్కి తీసుకోవలసి వచ్చింది.

ఇక్కడ పాఠకులు గమనించవలసిన సంగతి ఒకటుంది. ఆ రెండు నెలల్లో మందు గుణం ఏమీ మారలేదు. మారింది మన జ్ఞానం. మార్చిలో ఆశతో పెరిగిన ధర రోగికి జరిగే మేలుకు కొలబద్ద కాదు. కంపెనీ షేరు పెరిగిందన్న వార్తను మందు పని చేస్తుందన్న వార్తగా ఎప్పుడూ చదవకూడదు.

ఎండోసైట్ మిగిలిన డబ్బుతో ఇతర మందులను ప్రయత్నించింది. అవీ ఆశించినట్టు నడవలేదు. 2017 నాటికి ఉద్యోగులను తగ్గించుకుంది. షేరు ధర 2 డాలర్ల లోపుకు పడిపోయింది. చేతిలో కొంత నగదు ఉంది, పంట లేదు.

మిగిలిన డబ్బు ఎక్కడ పెట్టారు?

అదే సమయంలో జర్మనీలో ఒక మంచి వాహకం సిద్ధంగా ఉంది. ప్రోస్టేట్ క్యాన్సర్ కణాల పైపొర మీద పీఎస్‌ఎంఏ అనే ప్రోటీన్ చాలా ఎక్కువగా ఉంటుంది. దానికి అతుక్కునే పీఎస్‌ఎంఏ 617 అనే అణువును హైడల్‌బర్గ్‌లోని జర్మన్ క్యాన్సర్ పరిశోధన కేంద్రం, అక్కడి విశ్వవిద్యాలయ ఆసుపత్రి శాస్త్రవేత్తలు రూపొందించారు. దానికి లుటీషియం 177 అనే రేడియోధార్మిక పదార్థాన్ని కట్టి రోగులకు ఇచ్చి చూశారు. ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్‌లోని పీటర్ మెకల్లమ్ క్యాన్సర్ కేంద్రం వైద్యులు 30 మంది రోగులకు ఇచ్చి, 2018లో ఫలితాలు ప్రకటించారు. వారిలో 17 మందికి రక్తంలో పీఎస్‌ఏ సగానికి లేదా అంతకన్నా తక్కువకు పడిపోయింది. వీరంతా మిగతా వైద్యాలు పని చేయడం మానేసిన రోగులు.

2017 అక్టోబరు మొదట్లో ఎండోసైట్ ఈ మందు హక్కులను ఏబీఎక్స్ అనే జర్మన్ కంపెనీ దగ్గర తీసుకుంది. ముందుగా చెల్లించింది 1 కోటీ 20 లక్షల డాలర్లు. దానితోపాటు కొన్ని షేర్లు, మందు ముందుకు సాగితే మరిన్ని చెల్లింపులు ఇచ్చేలా ఒప్పందం. సొంత ఆలోచన మీద ఇరవై ఏళ్లు నడిచిన కంపెనీ, అది ఫలించలేదని ఒప్పుకుని, ఇతరులు కనిపెట్టిన మంచి మందు మీద మిగిలినదంతా పెట్టింది.

పని చేసినా నిలవని మందు

ఈ నిర్ణయం ఎంత సాహసమో తెలియాలంటే అంతకు కొద్ది ఏళ్ల ముందు జరిగినది తెలియాలి.

బెక్సార్ అనే మందు ఉండేది. లింఫోమా అనే రక్త సంబంధమైన క్యాన్సర్ కోసం యాంటీబాడీకి అయోడిన్ 131 కట్టి తయారుచేసినది. అమెరికా ప్రభుత్వం 2003లో అనుమతించింది. 2005లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, అంతకుముందు ఏ వైద్యమూ తీసుకోని 76 మంది రోగులకు ఈ మందు ఇస్తే 95 శాతం మందిలో కణుతులు తగ్గాయి. 75 శాతం మందిలో పరీక్షలకు కనబడకుండా పోయాయి. ఇంత మంచి మందు, 2012 వచ్చేసరికి ఏడాదికి 75 మంది కూడా వాడని స్థితికి వచ్చింది. చివరికి గ్లాక్సోస్మిత్‌క్లైన్ కంపెనీ 2014 ఫిబ్రవరిలో దాని అమ్మకం ఆపేసింది.

ఎందుకిలా జరిగింది? మందు పనితనంలో లోపం వల్ల కాదు. లింఫోమా రోగులను చూసే వైద్యులు చాలామంది తమ క్లినిక్‌లోనే మందులు ఎక్కిస్తారు, దానికి వారికి రుసుము వస్తుంది. బెక్సార్ కావాలంటే రోగిని న్యూక్లియర్ మెడిసిన్ విభాగం ఉన్న ఆసుపత్రికి పంపాలి. పంపిన వైద్యుడికి రాబడి పోతుంది, ఏర్పాట్ల శ్రమ పెరుగుతుంది. మందు ఖరీదు 25 వేల డాలర్లకు పైగా. ప్రభుత్వ బీమా ఎంత చెల్లిస్తుందో అన్న సందేహం ఆసుపత్రులను వెనక్కి లాగింది. సులువుగా ఎక్కించగల రిటుక్సిమాబ్ పక్కనే ఉంది. ఇలా ఒక్కొక్క కారణం చిన్నదే. అన్నీ కలిసి ఒక మంచి మందును మూలన పెట్టాయి.

కనుక 2017లో రేడియోధార్మిక మందు అంటే పెట్టుబడిదారులు వెనకాడటం సహజమే. కాని గాలి మళ్లుతున్న గుర్తులు కూడా కనిపించాయి. ఎండోసైట్ హక్కులు తీసుకున్న అదే నెల చివర, స్విట్జర్లాండ్‌కు చెందిన నోవార్టిస్ సంస్థ ఫ్రాన్స్‌లోని అడ్వాన్స్‌డ్ యాక్సిలరేటర్ అప్లికేషన్స్ అనే కంపెనీని 390 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది. ఆ కంపెనీ దగ్గరున్నది లూటాథెరా. జీర్ణకోశంలో, క్లోమంలో వచ్చే ఒక అరుదైన రకం కణుతులకు వాడే లుటీషియం మందు అది.

ఎండోసైట్ షేర్లు అమ్మి మరింత నిధి సమకూర్చుకుంది. 2018 జూన్‌లో విజన్ అనే పేరుతో మూడో దశ పరీక్ష మొదలుపెట్టింది. పరీక్ష ఫలితం రాకముందే, 2018 అక్టోబరులో, నోవార్టిస్ ఎండోసైట్‌ను కూడా 210 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది. షేరుకు 24 డాలర్లు. ఏడాది క్రితం 2 డాలర్లు కూడా లేని షేరు అది.

కొన్నవారికి ఎదురైన కష్టం

విజన్ పరీక్షలో 831 మంది రోగులు పాల్గొన్నారు. 2021లో ఫలితాలు వచ్చాయి. మామూలు వైద్యం మాత్రమే అందిన వారి మధ్యస్థ జీవితకాలం 11.3 నెలలు. దానికి లుటీషియం మందు కలిపిన వారిది 15.3 నెలలు. 2022 మార్చిలో అమెరికా ప్రభుత్వం ప్లూవిక్టో అన్న పేరుతో దాన్ని అనుమతించింది. అప్పట్లో ఒక్క డోసు ధర 42,500 డాలర్లు. ఆరు వారాలకొకటి చొప్పున ఆరు డోసుల దాకా ఇవ్వవచ్చు. ఆరూ కలిపితే 2 లక్షల 55 వేల డాలర్లు. అప్పటి మారకం లెక్కలో మన డబ్బులో దాదాపు 2 కోట్ల రూపాయలు.

డబ్బు, మందు, అనుమతి అన్నీ ఉన్నాయి. అయినా రోగులు ఎదురు చూడవలసి వచ్చింది. 2022 మే నెలలో తయారీలో నాణ్యతా సమస్యలు వచ్చి ఇటలీలో ఒకటి, అమెరికాలో ఒకటి, రెండు కర్మాగారాల్లోనూ నోవార్టిస్ కొద్ది వారాలు ఉత్పత్తి ఆపింది. 2023 మొదట్లో గిరాకీకి తగినంత మందు లేక కొంతకాలం కొత్త రోగులను చేర్చుకోలేకపోయింది.

ఈ మందును ముందే తయారుచేసి గోదాములో నిల్వ పెట్టే వీలు లేదు. లుటీషియం 177 దాదాపు ఆరున్నర రోజుల్లో సగానికి తగ్గిపోతుంది. తయారైన ప్లూవిక్టోను 5 రోజుల్లోగా రోగికి ఎక్కించాలి. మండుటెండలో ఐసుగడ్డ మోసుకెళ్లడం లాంటి పని. విమానం ఆలస్యమైతే, రోగికి ఆ రోజు జ్వరం వచ్చి రాలేకపోతే, ఆ డోసు ఇంకొకరికి ఉపయోగపడదు. అందువల్ల ఈ వ్యాపారంలో రియాక్టరు, కర్మాగారం, విమానం, ఆసుపత్రి, శిక్షణ పొందిన సిబ్బంది అన్నీ ఒకే గొలుసులో ఉండాలి. ఒక్క కడియం తెగినా మందు లేనట్టే. ధరలో కొంత భాగం ఈ గొలుసు ఖర్చు. కొంత భాగం కంపెనీలను కొనడానికి పెట్టిన వందల కోట్ల డాలర్లు. వింటాఫోలైడ్ లాగా దారిలో మునిగిపోయిన మందుల నష్టం కూడా గెలిచిన మందు మీదే పడుతుంది. ఆ పైన లాభం. ఇందులో ఎంత న్యాయమో ఎంత అత్యాశో అన్నది అమెరికాలోనే పెద్ద చర్చ.

2024 జనవరిలో ఇండియానాపోలిస్‌లోని కొత్త కర్మాగారానికి అనుమతి వచ్చింది. ఆ ఏడాది ప్లూవిక్టో అమ్మకాలు 139 కోట్ల డాలర్లకు చేరాయి. 2025 మార్చిలో, కీమోథెరపీకి ముందే కొందరు రోగులకు ఇవ్వడానికి కూడా అమెరికాలో అనుమతి లభించింది.

ఇక ముందు ఎలా ఉంటుంది?

ఈ విజయం చూసి పెద్ద కంపెనీలన్నీ ఇటు తిరిగాయి. ఎలి లిల్లీ 2023లో పాయింట్ బయోఫార్మాను, బ్రిస్టల్ మయర్స్ స్క్విబ్ 2024లో రేజ్‌బయోను, ఆస్ట్రాజెనెకా అదే సంవత్సరం ఫ్యూజన్ ఫార్మాను కొన్నాయి. రేజ్‌బయో ఒక్కదానికే 410 కోట్ల డాలర్లు. వీరిలో చాలామంది చూపు ఆక్టీనియం 225 అనే మరింత శక్తిమంతమైన పదార్థం మీద ఉంది. కాని 2024లో ఆక్టీనియం సరఫరా లేక రేజ్‌బయో తన పరీక్షలో కొత్త రోగులను చేర్చుకోవడం కొంతకాలం ఆపవలసి వచ్చింది. డబ్బు ఎంత కుమ్మరించినా రావలసిన రేడియోధార్మిక పదార్థం రాకపోతే పని నడవదని ఇది మరోసారి చూపింది.

ఇలాంటి కంపెనీ గురించి పత్రికలో చదివినప్పుడు ఐదు ప్రశ్నలు వేసుకోండి. మందు పరీక్ష ఏ దశలో ఉంది? దేనితో పోల్చి మేలు అంటున్నారు? కంపెనీ చేతిలోని డబ్బు ఎన్ని నెలలకు సరిపోతుంది? రేడియోధార్మిక పదార్థం ఎవరు సరఫరా చేస్తారు? రోగి తరఫున బిల్లు ఎవరు కడతారు? వీటిలో ఏ ఒక్కదానికి జవాబు లేకపోయినా ఆ వార్త ఆశే తప్ప వైద్యం కాదు. ఇలాంటి వార్తలు నమ్మి రిటైర్‌మెంటు డబ్బు షేర్లలో పెట్టే వారికి 2014లో ఎండోసైట్‌లో జరిగినది గుర్తుండాలి.

మన దగ్గర పరిస్థితి

మన దేశానికి ఈ విషయంలో ఒక మేలు ఉంది. ముంబయి దగ్గర ట్రాంబేలో భాభా అణు పరిశోధన కేంద్రం ఉంది. అక్కడి ధ్రువ రియాక్టరు 1985 నుంచి పని చేస్తోంది. లుటీషియం 177, అయోడిన్ 131 వంటివి అక్కడ తయారై ప్రభుత్వ సంస్థ బ్రిట్ ద్వారా దేశంలోని ఆసుపత్రులకు అందుతున్నాయి. లుటీషియాన్ని పీఎస్‌ఎంఏ వాహకంతో ఆసుపత్రిలోని న్యూక్లియర్ మెడిసిన్ విభాగంలోనే కలిపి, నాణ్యత పరీక్షించి, రోగికి ఇచ్చే పద్ధతి మన దేశంలో చాలా ఏళ్లుగా ఉంది. హైదరాబాదు వంటి పెద్ద నగరాల్లో ఈ వైద్యం దొరుకుతుంది. ప్లూవిక్టో అన్న బ్రాండు మందుకు అమెరికాలో ఉన్న ధరతో పోలిస్తే ఇక్కడి ఖర్చు చాలా తక్కువ. అయినా ఒక రైతు కుటుంబానికి అది చిన్న మొత్తం కాదు.

అందువల్ల అణు మందు అన్న పేరు విని పరుగెత్తే ముందు ఈ సంగతులు తెలుసుకోండి.

1. ఇది మొదటి వైద్యం కాదు. ఒళ్లంతా పాకిన ప్రోస్టేట్ క్యాన్సర్‌కు కూడా మగ హార్మోనును తగ్గించే సూదులు లేదా వృషణాలు తొలగించే చిన్న ఆపరేషనే మొదటి మెట్టు. చాలామందికి ఇది మంచి ఉపశమనం ఇస్తుంది. ఖర్చు కూడా తక్కువ. దీన్ని దాటవేసి లుటీషియం కోసం వెళ్లడం తెలివైన పని కాదు.

2. అందరికీ పనికిరాదు. ముందు పీఎస్‌ఎంఏ పెట్ స్కాన్ చేసి, కణుతులు ఆ వాహకాన్ని పట్టుకుంటున్నాయో లేదో చూడాలి. స్కాన్‌లో వెలగని కణితికి మందు చేరదు. ఎముక మజ్జ, మూత్రపిండాలు తట్టుకునే స్థితిలో ఉన్నాయో లేదో రక్తపరీక్షలు చెబుతాయి.

3. ఇది పూర్తిగా నయం చేసే మందు కాదు. విజన్ పరీక్షలో మధ్యస్థంగా కలిసొచ్చింది 4 నెలలు. కొందరికి అంతకన్నా చాలా ఎక్కువ మేలు జరుగుతుంది, కొందరికి ఏ మేలూ జరగదు. మీ రోగి విషయంలో ఏమి ఆశించవచ్చో వైద్యుణ్ణి సూటిగా అడగండి. అడగడం అవిశ్వాసం కాదు.

4. ఇబ్బందులు ఉంటాయి. నోరు ఎండిపోవడం, అలసట, వికారం, రక్తకణాలు తగ్గడం ముఖ్యమైనవి. లాలాజల గ్రంథులు కూడా ఈ వాహకాన్ని కొంత పట్టుకోవడం వల్లే నోరు ఎండుతుంది.

5. మందు తీసుకున్నాక కొద్ది రోజులు జాగ్రత్తలు పాటించాలి. నీళ్లు బాగా తాగాలి. చిన్నపిల్లలకు, గర్భిణులకు దూరంగా ఉండాలి. మరుగుదొడ్డి వాడాక ఎక్కువ నీళ్లు పోయాలి. ఎన్ని రోజులన్నది ఆసుపత్రి వారు చెబుతారు. రోగిని అంటరానివాడిలా చూడవలసిన పని ఎంతమాత్రం లేదు.

6. అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి ఉన్న కేంద్రంలోనే ఈ వైద్యం తీసుకోండి. దళారుల ద్వారా వెళ్లకండి.

కుటుంబం వేసుకోవలసిన లెక్క

మొదటి డోసుకు ఎలాగో అప్పు చేసి, రెండో డోసుకు చేతులెత్తేసే కుటుంబాలుంటాయి. కనుక ముందే మొత్తం లెక్క అడగండి. ఎన్ని డోసులు కావచ్చు, స్కాన్‌కు ఎంత, ప్రతిసారీ రక్తపరీక్షలకు ఎంత, నగరంలో ఉండటానికి, దారి ఖర్చులకు ఎంత? రెండు డోసుల తర్వాత పీఎస్‌ఏ తగ్గకపోతే ఏమి చేస్తారు? ప్రభుత్వ ఆరోగ్య పథకంలో ఏది వస్తుంది, ఏది రాదు అన్నది ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోండి. ఉద్యోగులైతే బీమా కంపెనీ నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి.

ఉన్న రెండెకరాలూ అమ్మే ముందు రోగిని కూడా కూర్చోబెట్టుకుని మాట్లాడండి. ఆయనకు తెలియకుండా ఆయన పొలం అమ్మడం ప్రేమే కావచ్చు, కాని ఆయన కోరిక ఏమిటో తెలుసుకోవడం అంతకన్నా పెద్ద ప్రేమ. కొందరు మరికొన్ని నెలలు కావాలంటారు. మనవరాలి పెళ్లి చూడాలంటారు. మరికొందరు నొప్పి తగ్గితే చాలు, ఇంటిదగ్గరే ఉంటానంటారు. రెండూ గౌరవించవలసిన కోరికలే. ఎముకల నొప్పికి బయటనుంచి ఇచ్చే రేడియేషన్ చాలాసార్లు ఒకే రోజుతో ఉపశమనం ఇస్తుంది. మార్ఫిన్ మాత్రలు సరిగా వాడితే రోగి రాత్రి నిద్రపోగలడు. ఇవి తక్కువ ఖర్చుతో అయ్యేవి. వీటిని ఎంచుకున్న కుటుంబం తండ్రికి ద్రోహం చేసినట్టు కాదు.

ఎండోసైట్ ఇరవై ఏళ్లలో పోగొట్టుకున్నదీ గెలుచుకున్నదీ మనకు ఒకే మాట చెబుతున్నాయి. మందు కనిపెట్టినంత మాత్రాన అది రోగికి అందదు. ఎవరో దాని ఖర్చు లెక్కవేయాలి, ఎవరో గొలుసు కట్టాలి, ఎవరో బిల్లు కట్టాలి. మన దేశంలో ఆ గొలుసులో మొదటి కడియాన్ని ప్రభుత్వ రియాక్టరు కడుతోంది. చివరి కడియం, అంటే పేద రోగి బిల్లు, ఇంకా చాలాచోట్ల తెగే ఉంది. ప్రభుత్వ పథకాలు, ధర్మనిధులు, మన సంఘాల కానుకలు దాన్ని కొంత కొంతగా అతకవలసి ఉంది. మీ సంఘంలో క్యాన్సర్‌తో బాధపడే కుటుంబం ఉంటే ప్రార్థనతోపాటు కాగితం, కలం తీసుకుని వారి పక్కన కూర్చోండి. లెక్క వేయడంలో తోడు ఉండటం కూడా సేవే.